ఉష్ణనిరోధక ఫలకాల ఇండ్లు – ఒక పరిశీలన

కూడు, గుడ్డ, గూడు అనే మూడు ప్రాథమికావసరాలలో మొదటి రెండింటిని గురించి మనవారు ఎంతగానో చర్చించినారు. గూడును గురించి మాత్రం నాలుగు గోడలు, ఒక కప్పు అని చెప్పి ఊరుకొనడం పరిపాటి. ఆ గోడలు, ఆ కప్పు చేయవలసిన పని ఏమిటి? ఎండ, వాన, చలి, గాలి – వీటి నుండి మనిషిని కాపాడడమే కదా! వానను ఆపలేని కప్పును మనం కప్పు అని అనము. కాని ఎండను ఆపలేని కప్పు క్రింద ఏండ్ల తరబడి కాపురం చేస్తూ, అది మన తలరాత అనుకొంటున్నాము.

గత ఏప్రిల్ నెలలో, వార్షిక పరీక్షలకు కొద్ది దినాల ముందు, మన డిగ్రీ విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చినాడు. వారిది రెండు గదుల ఇల్లు. డాబా మీద ఇటుక గోడలతో, రేకుల కప్పుతో ఒక చిన్న గది ఉన్నది. అన్నదమ్ములు ముగ్గురూ అందులోనే చదువుకొంటారు. "సార్, పొద్దున పదకొండు దాటితే ఆ గదిలో కూర్చోలేము. చెమటచుక్కలు పడి నోట్సులో అక్షరాలు అలుక్కుపోతున్నవి. ఆ గది తీసేసి పఫ్ ప్యానెల్ గది వేయించుకొమ్మని ఒక వ్యాపారి అబ్బాజాన్ వెంట పడుతున్నాడు. ఏసీ కూడా అక్కరలేదంటున్నాడు. అమ్మీ చిట్టీ ఎత్తి డబ్బు ఇస్తానంటున్నది. ఆయన మాట నిజమేనా సార్?" అని అడిగినాడు.

నేను తెలుగు బోధించేవాడిని. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానం చెప్పలేకపోయినాను. కాని ఒక తల్లి చిట్టీ డబ్బు విషయంలో తెలియక అవుననడమూ తప్పే, తెలియక కాదనడమూ తప్పే. భౌతికశాస్త్ర శాఖలోని మిత్రులను అడిగి, గ్రంథాలయంలో కూర్చుండి తెలుసుకొన్న విషయాలను విద్యార్థులకు ఉపయోగపడునని ఇక్కడ వివరిస్తున్నాను.

ఓడలో వచ్చిన మంచు

1833వ సంవత్సరంలో అమెరికాలోని బోస్టన్ రేవు నుండి ఒక ఓడ కలకత్తాకు వచ్చినది. అందులోని సరకు మంచు! శీతకాలంలో గడ్డకట్టిన చెరువుల నుండి కోసి తీసిన మంచుగడ్డలను ఫ్రెడరిక్ ట్యూడర్ అనే వర్తకుడు పంపించినాడు. ప్రయాణం నాలుగు నెలలు. దారిలో భూమధ్యరేఖను రెండు పర్యాయాలు దాటవలెను. అయినను బయలుదేరిన సుమారు 180 టన్నుల మంచులో దాదాపు 100 టన్నులు కరగకుండా కలకత్తా చేరినది. తరువాత మదరాసు సముద్రతీరంలో 1842లో కట్టిన మంచుగిడ్డంగి ఐస్ హౌస్ అనే పేరుతో ప్రసిద్ధికెక్కి, నేటికీ నిలిచి ఉన్నది.

ఆనాడు మంచుపెట్టె యంత్రాలు లేవు, విద్యుచ్ఛక్తి లేదు. మరి మంచు ఎట్లు నిలిచినది? ఓడలో మంచు చుట్టూ కొయ్యపలకలు అమర్చి, ఆ పలకల వెనుక ఎండిన చెట్టుబెరడు పొట్టును దట్టంగా కూరినారు. పొట్టులోని సన్నని సందులలో గాలి చిక్కుకొని కదలకుండా ఉండిపోయినది. కదలని గాలి వేడిని చాల మందకొడిగా ప్రసరింపజేస్తుంది. మంచును కాపాడినది పొట్టు కాదు, పొట్టులో బందీ అయిన గాలి. నేటి ఉష్ణనిరోధక ఫలకంలోని రహస్యం కూడ ఇంతకు మించినది కాదు.

వేడి నడిచే దారులు

వేడి మూడు దారులలో ప్రయాణిస్తుంది. వస్తువులోని ఒక భాగం నుండి దానిని అంటుకొని ఉన్న మరియొక భాగానికి ప్రాకడం ఉష్ణవహనం. టీ గ్లాసులోని గరిటె కాడ వేడెక్కడం దీనికి ఉదాహరణ. గాలి లేక నీరు తాను కదులుతూ వేడిని మోసుకొనిపోవడం ఉష్ణసంవహనం. మధ్యలో ఏ పదార్థము లేకున్నను సూర్యుని వేడి మనలను చేరడం ఉష్ణవికిరణం.

పదార్థం ఎంత సులభంగా వేడిని ప్రసరింపజేస్తుందో చెప్పే సంఖ్యను ఉష్ణవాహకత అంటారు. మీటరుకు, ఒక డిగ్రీ భేదానికి ఇన్ని వాట్లు అని దీనిని కొలుస్తారు. ఉక్కుకు ఇది సుమారు 50, సిమెంటు కాంక్రీటుకు సుమారు 1.6, ఇటుకకు సుమారు 0.8, కొయ్యకు సుమారు 0.13, మనం థర్మోకోల్ అని పిలిచే పాలీస్టైరీన్ నురుగుకు సుమారు 0.04, పాలీయురెథేన్ నురుగుకు సుమారు 0.025. కదలని గాలికి సుమారు 0.026. థర్మోకోల్ ముక్కను చేతిలోకి తీసుకొంటే దాని బరువు తెలియకపోవడానికి కారణం కూడ ఇదే. అందులో అత్యధిక భాగం గాలియే.

పదార్థం మందాన్ని మీటర్లలో చెప్పి ఉష్ణవాహకతతో భాగిస్తే దాని ఉష్ణనిరోధం వస్తుంది. గోడకు లోపల, వెలుపల అంటుకొని ఉండే పలుచని గాలిపొరలు కూడ కొంత నిరోధాన్ని ఇస్తాయి. రెండూ కలిపి సుమారు 0.17. ఈ పాటి లెక్క ఇంటర్మీడియట్ విద్యార్థి కూడ చేయగలడు.

ఫలకం పుట్టుక

రెండు పలుచని గట్టి పలకల నడుమ నురుగును అతికించి, ఆ మొత్తాన్ని గోడగాను, కప్పుగాను నిలబెట్టడమే ఈ నిర్మాణ పద్ధతి. దీనికి పునాది 1935లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్ నగరంలో ఉన్న అటవీ ఉత్పత్తుల ప్రయోగశాలలో పడినది. కొయ్యను పొదుపు చేసే ఉద్దేశంతో, పై పలకలే బరువు మోసే ఫలకాలను అక్కడివారు తయారుచేసి పరీక్షించినారు. 1952లో ఆల్డెన్ డౌ అనే వాస్తుశిల్పి మిషిగన్ రాష్ట్రపు మిడ్లాండ్ పట్టణంలో నురుగు నింపిన ఫలకాలతో ఇండ్లు కట్టినాడు. అనంతర కాలంలో కొయ్యపేళ్ళను జిగురుతో కలిపి ఒత్తిన పలకలు చవకగా లభించడంతో ఈ పద్ధతి అమెరికాలో వ్యాపించినది.

ఉక్కు దూలాన్ని అడ్డంగా కోస్తే పైన ఒక పట్టీ, క్రింద ఒక పట్టీ, నడుమ నిలువు పలక కనబడుతుంది. బరువును ముఖ్యంగా మోసేవి పై, క్రింది పట్టీలు. వాటిని దూరంగా నిలిపి ఉంచడమే నడుమ పలక పని. ఫలకంలో కూడ ఇదే సూత్రం. పలకలు బరువు మోస్తాయి. నురుగు వాటిని ఎడంగా పట్టి ఉంచుతుంది, దానితోబాటు వేడిని అడ్డగిస్తుంది. ఒకే వస్తువు స్తంభమూ అవుతుంది, దుప్పటీ అవుతుంది.

ఇప్పుడు లెక్క చూతము. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మందం 0.23 మీటరు. దానిని 0.8తో భాగిస్తే 0.29. గాలిపొరల 0.17 కలిపితే 0.46. పది చదరపు మీటర్ల గోడకు లోపల, వెలుపల పది డిగ్రీల భేదం నిలకడగా ఉన్నప్పుడు ఆ గోడగుండా సుమారు 217 వాట్ల వేడి ప్రవహిస్తుంది. పది సెంటీమీటర్ల థర్మోకోల్‌కు ఇరుప్రక్కల 11 మిల్లీమీటర్ల కొయ్యపలకలు అతికించిన ఫలకాన్ని తీసుకొందాము. నురుగుకు 2.5, పలకలకు 0.17, గాలిపొరలకు 0.17 – మొత్తం 2.84. అదే వైశాల్యానికి, అదే భేదానికి వేడి 35 వాట్లు మాత్రమే. సగం మందం గల ఫలకం ఆరవ వంతు వేడిని మాత్రమే రానిచ్చినది!

వ్యాపారి చూపించే కరపత్రం ఇక్కడితో ముగుస్తుంది. అసలు పాఠం ఇక్కడినుండే మొదలవుతుంది.

అతుకుల సంగతి

పై లెక్క ఫలకం నడిబొడ్డున మాత్రమే నిజం. కాని ఇల్లు ఒకే ఫలకం కాదు. ఫలకానికి ఫలకానికి నడుమ అతుకు ఉంటుంది, మూలలుంటాయి, తలుపులు, కిటికీలుంటాయి, గోడ కప్పును కలిసే చోటుంటుంది. వేడి నీటివంటిది, పల్లమెరిగి ప్రవహిస్తుంది. నిరోధం తక్కువగా ఉన్న చోటును వెదకుకొని దూరుతుంది.

ఫలకపు నురుగు భాగంలో నూటికి పదిహేను వంతుల వైశాల్యం నురుగుకు బదులు కొయ్యదుంగలే ఆక్రమించినవి అనుకొందాము. ఆ చోట నిరోధం 2.84 కాక 1.11 మాత్రమే ఉంటుంది. లెక్క కట్టి చూస్తే మొత్తం గోడగుండా వచ్చే వేడి సుమారు 23 శాతం పెరుగుతుంది. దీనినే ఉష్ణసేతువు అంటారు. సేతువు ఇరుకైనదే, కాని రాకపోకలన్నీ దానిమీదనే! కొయ్యకు బదులు ఉక్కు ఆరపార దూరి ఉంటే ఇక చెప్పనక్కరలేదు. ఉక్కు ఉష్ణవాహకత పాలీయురెథేన్ నురుగుకు రెండువేల రెట్లు.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు ఈ కారణం చేతనే ఫలకం ముక్కను కాక మూలలు, అతుకులు, కిటికీ అంచులు అన్నీ కలిపిన పూర్తి గోడను లెక్కకు తీసుకొన్నారు. సాధారణ కొయ్య చట్రం గోడలో నాలుగంగుళాల దుంగల మధ్య దూది వంటి గాజునార కూర్చిన గోడకు అమెరికన్ కొలమానంలో పూర్తిగోడ నిరోధం పదికి లోపుగా తేలినది. నాలుగున్నర అంగుళాల ఫలకాల గోడకు సుమారు 14గా తేలినది. చట్రం గోడలో దుంగలు ఎక్కువ, ఫలకాల గోడలో తక్కువ. గాలి చొరబాటును పరీక్షించినప్పుడు కూడ ఫలకాల గదిలోనికి చొరబడిన గాలి చట్రం గదిలో చొరబడిన దానిలో పదవ వంతుకు మించలేదు. అనగా ఈ పద్ధతి గొప్పదనం నురుగులో ఎంత ఉన్నదో, అతుకులు తక్కువగా ఉండడంలోను, ఉన్న వాటిని గట్టిగా మూయడంలోను అంత ఉన్నది.

మరి ఆ అతుకులను మూయకపోతే? అలాస్కా రాష్ట్రానికి రాజధాని అయిన జునో పట్టణంలో ఈ ప్రశ్నకు జవాబు దొరికినది. చలి, వాన రెండూ అధికంగా ఉండే ఆ ఊరిలో ఫలకాలతో వేసిన ఇంటి కప్పులు కొన్ని క్రుళ్ళిపోయినట్లు 2001లో బయటపడినది. పరిశోధించి చూడగా నురుగు చెడలేదు, ఫలకం చెడలేదు. లోపలి వెచ్చని, తడిగల గాలి కప్పు నడినెత్తిన ఉన్న అతుకుల సందులలో దూరి, వెలుపలి చల్లని పలకను తాకి నీరుగా మారినది. ఆ తేమకు పలక నానినది, నాని క్రుళ్ళినది. అతుకులను లోపలి వైపున పూర్తిగా మూసి ఉంటే ఆ నష్టం జరిగేది కాదు. గోడంతా గట్టిగా కట్టి గడప దగ్గర కన్నం వదలినట్లయినది!

ఫలకం చేయలేని పని

ఫలకం గదిని చల్లబరచదు. వేడి రాకను ఆలస్యం చేస్తుంది, తగ్గిస్తుంది, అంతే. ఫ్లాస్కుకు వేడి చాయ్, చల్లని నీళ్ళు రెండూ ఒకటే. లోపల ఏది పోస్తే దానిని అట్లే ఉంచుతుంది. కిటికీ గుండా ఎండ పడి, గదిలో నలుగురు కూర్చుండి, పొయ్యి వెలిగించి తలుపులు మూసితే ఆ వేడి బయటికి పోయే దారి లేక ఫలకాల గది ఇటుక గది కంటె ఎక్కువ ఉడికించగలదు. "ఏసీ అక్కరలేదు" అన్న మాటలోని లోపం ఇదే. ఏసీ ఉన్న గదికి ఫలకం కరెంటు ఖర్చు తగ్గిస్తుంది. ఏసీ లేని గదికి నీడ, రాత్రి గాలి తప్పనిసరి.

మన పాత ఇండ్లకున్న ఒక గుణం కూడ ఫలకానికి లేదు. అది బరువు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పగటి వేడిని తనలో దాచుకొని లోపలికి చేర్చడానికి ఆరేడు గంటలు తీసుకొంటుంది. మట్టిగోడల మిద్దెలు, డంగు సున్నపు గచ్చు, నడుమ సహన్, చుట్టూ దాలాన్‌లు గల హవేలీలు ఈ గుణాన్ని ఆశ్రయించి కట్టినవే. పగలు కిటికీలు మూసి, రాత్రి తెరచి, గోడలను చల్లబరచుకొని మరునాటి ఎండకు సిద్ధం చేసేవారు. దక్కను పీఠభూమిలో పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో చాల భేదం ఉంటుంది కావున ఆ ఉపాయం పనిచేసినది. తేలికైన ఫలకానికి ఆ నిలువ శక్తి లేదు. అందువలన పాతది చెడ్డది, క్రొత్తది మంచిది అనడం గాని, క్రొత్తదంతా మోసం అనడం గాని శాస్త్రీయం కాదు.

మరి రెండు జాగ్రత్తలు. థర్మోకోల్ సుమారు నూరు డిగ్రీల వేడికే మెత్తబడుతుంది, నిప్పు తగిలితే మండుతుంది. కావున లోపలి వైపు జిప్సం పలక వంటి నిప్పుకు ఓర్చే పొర ఉండవలెను. కొయ్యపలకల ఫలకాలకు చెదపురుగుల భయం ఉన్నది. అవి నురుగును ఆహారంగా తినకున్నను దానిని తొలిచి దారులు చేసుకొంటాయి.

మన నెత్తిమీది సూర్యుడు

అమెరికాలో ఫలకాల పద్ధతికి గోడలు ఎంత ముఖ్యమో మనకు కప్పు అంతకంటె ముఖ్యం. హైదరాబాదు ఉత్తర అక్షాంశం 17 డిగ్రీల పైచిలుకు. మే నెలలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన నిలుస్తాడు. అప్పుడు ఎండ గోడలకు ఏటవాలుగా తగులుతుంది, కప్పుకు నిటారుగా తగులుతుంది. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా మరణించినారు. ఇది సుఖానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని గ్రహించడానికి ఆ ఒక్క వేసవి చాలును.

రేకుకు తనకంటూ నిరోధం దాదాపు లేదు, గాలిపొరల 0.17 మాత్రమే దిక్కు. అయిదు సెంటీమీటర్ల పాలీయురెథేన్ ఫలకం నిరోధం గాలిపొరలతో కలిపి 2.17. అనగా ఆ కప్పుగుండా వచ్చే వేడి సుమారు పదమూడవ వంతుకు దిగుతుంది. పన్నెండు సెంటీమీటర్ల కాంక్రీటు స్లాబు నిరోధం గాలిపొరలతో కలిపి 0.25 మాత్రమే. అంత బరువైన స్లాబు రేకు కంటె ఏమంత మెరుగు కాదన్నమాట! చదరపు మీటరుకు, ఒక డిగ్రీ భేదానికి దాని గుండా సుమారు 4 వాట్లు వస్తాయి. నివాస గృహాలకై 2018లో కేంద్రప్రభుత్వం వెలువరించిన ఎకో నివాస్ సంహిత ప్రకారం కప్పుకు ఇది 1.2 వాట్లకు మించరాదు. ఆ హద్దులోనికి రావడానికి స్లాబు మీద ఎంత థర్మోకోల్ పరచవలెను? లెక్క కడితే 23 మిల్లీమీటర్లు. అంగుళానికి కొంచెం తక్కువే. దానిమీద నీరు దిగని పొర, పలుచని కాంక్రీటు, తెల్లని పెంకులు వేస్తే సరిపోతుంది. మన మేస్త్రీలు పూర్వం డాబా మీద మట్టికుండలు బోర్లించి సున్నం పోసినది కూడ ఈ గాలిపొర కోసమే.

ఎండ వికిరణాన్ని తిప్పికొట్టే తెల్లని పూత ఇంకా చవకైన ఉపాయం. తెలంగాణ ప్రభుత్వం 2023లో శీతల కప్పుల విధానాన్ని ప్రకటించినది ఈ దృష్టితోనే. ఇక ఫలకాల నిర్మాణానికి మన దేశంలో పెద్ద ఉదాహరణ ఇందౌర్ నగరంలో ఉన్నది. 2021 జనవరిలో శంకుస్థాపన జరిగిన లైట్ హౌస్ ప్రాజెక్టులలో భాగంగా అక్కడ 1,024 ఇండ్లకు సిమెంటు, థర్మోకోల్ గుళికలు కలిపి నింపిన ఫలకాలను గోడలుగా వాడినారు. బరువు మోసే పనిని ఉక్కు చట్రానికి అప్పగించి, అడ్డుకట్ట పనిని మాత్రమే ఫలకాలకు ఇచ్చినారు.

విద్యార్థికి సమాధానం

ఇంత చదివిన తరువాత ఆ అబ్బాయిని పిలిచి, వ్యాపారిని నాలుగు ప్రశ్నలు అడుగుమన్నాను. నురుగు ఏది, మందమెంత? ఫలకానికి ఫలకానికి, ఫలకానికి గోడకు నడుమ సందులను దేనితో మూస్తావు? ఉక్కు చట్రం వెలుపలినుండి లోపలికి ఆరపార దూరుతుందా? నిప్పు అంటుకొంటే ఏ పొర అడ్డుపడుతుంది? మొదటి ప్రశ్నకు వ్యాపారి వెంటనే జవాబు చెప్పినాడట. రెండవ ప్రశ్నకు, "అంత పట్టింపు ఎందుకు బాబూ, సిమెంటు రాస్తాము" అన్నాడట. ఆ ఒక్క మాటతో ఆ తండ్రికి విషయం అర్థమైనది.

వారు గది మొత్తం మార్చలేదు. ఇటుక గోడలు అట్లే ఉంచి, రేకులు తీసి కప్పుకు మాత్రం ఫలకాలు వేయించినారు. అబ్బాయి తానే దగ్గర నిలబడి ప్రతి అతుకును నురుగుతో నింపించి, పైన పట్టీ అంటించినాడు. ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టించి రాత్రి తెరచి ఉంచుతున్నారు. చిట్టీ డబ్బులో సగానికి పైగా మిగిలినది. "చల్లగా ఉందని చెప్పలేను సార్, కాని మధ్యాహ్నం కూడ కూర్చోగలుగుతున్నాము" అన్నాడు. శాస్త్రం ఇచ్చే వాగ్దానం అంతే. అంతకు మించి చెప్పేది వ్యాపారం.

విద్యార్థులారా! ఒక పని చేయండి. ఒక ఉష్ణమాపకం తీసుకొని మధ్యాహ్నం మూడు గంటలకు మీ ఇంటి కప్పు క్రింద, నేల మీద, గోడ ప్రక్కన కొలిచి వ్రాసుకోండి. రాత్రి పది గంటలకు మళ్ళీ కొలవండి. మీ ఇంటికి వేడి ఏ దారిన వస్తున్నదో ఆ అంకెలే చెబుతాయి. కళాశాల పాలకవర్గపు పెద్దలకు కూడ ఒక మనవి. పై అంతస్తులోని మన తరగతి గదుల స్లాబుకు ఈ నిరోధపు పొర లేదు. ఏప్రిల్‌లో పరీక్షలు వ్రాసేది ఆ గదులలోనే. మరమ్మతులు తలపెట్టినప్పుడు ఆ అంగుళం పొరను మరచిపోవద్దని, గుత్తేదారు చూపించే ఫలకం ముక్కను కాక అతుకును పరీక్షించి చూడవలెనని కోరుతున్నాను.